పద్నాలుగు ఇళ్ల బొంత

మా అత్త రాములవ్వ చేతులు ఆమె మాట వినవు. కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే ఈ సంగతి కనిపెట్టాను. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారపుండ. నోటితో నాతో మాట్లాడుతుంది, మధ్యలో వాకిట్లోకి వచ్చిన కోడిని అదిలిస్తుంది, టీవీ సీరియల్లోని అత్తగారిని చెడామడా తిడుతుంది. చేతులు మాత్రం వాటి పాటికి అవి బీడీలు చుట్టుకుంటూ పోతాయి. పదకొండేళ్లకు మొదలుపెట్టిన పని. ఇప్పుడామెకు యాభై తొమ్మిది. ఇన్నేళ్లలో చేతులకు చెప్పాల్సిందంతా చెప్పేసింది కాబట్టి ఇక వాటి వైపు చూడదు.

మాది బోధన్‌లో రాకాసిపేట. మామ షుగర్ ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవారు. ఫ్యాక్టరీ మూతపడిన మూడేళ్లకు ఆయనా పోయారు. నా భర్త రవీందర్ ట్రాక్టర్ నడుపుతాడు. మా ఊరి చెరుకును పక్క జిల్లా ఫ్యాక్టరీకి మోసుకుపోతూ దారి పొడవునా విసుక్కుంటాడు. నేను ప్రైవేటు స్కూల్లో యూకేజీ టీచర్ని. యాభై మంది పిల్లల మీద అరిచి అరిచి నా గొంతు కూడా నా మాట వినడం మానేసింది. అందుకే అత్తకూ నాకూ బాగానే కుదిరింది.

బీడీలు కాక ఆమెకు వచ్చిన రెండో విద్య బొంత కుట్టడం. పాత చీరలను నాలుగైదు పొరలు పరిచి, పెద్ద సూదితో అంచు నుంచి లోపలికి చుట్లు చుట్లుగా కుట్టుకుంటూ పోతుంది. మా గల్లీలో ఎవరికి కాన్పయినా బొంత మా ఇంటి నుంచే వెళ్లాలి. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకూ ఒకటి పరిచింది. నేను ముక్కు చిట్లించి "బ్లాంకెట్ లేదా అత్తమ్మా?" అన్నాను. పదేళ్లవుతోంది. ఇప్పటికీ ఇంటికి చుట్టాలు వస్తే ఆ మాట నా ముందే వాళ్లకు చెప్పి పగలబడి నవ్వుతుంది.

మొన్న జనవరిలో మా మహిళా సంఘానికి కబురొచ్చింది. మార్చి ఎనిమిదిన నిజామాబాద్‌లో ప్రదర్శన, బహుమతుల పోటీ ఉన్నాయి, ఒక్కో సంఘం చేత్తో చేసిన వస్తువు ఒకటి పట్టుకురావాలని. మా లీడర్ ధనలక్ష్మి. నలభై అయిదేళ్లుంటాయి. మనిషి గట్టిది, మాట ఇంకా గట్టిది. ఆమె వెంటనే సకినాలు అంది. గల్లీలో అందరికంటే పెద్దది భూమవ్వ, ఎనభై దాటింది. గోడకు ఆనుకుని కూర్చున్నదల్లా కళ్లు తెరిచింది.

"సకినాలు తెల్లారి దాక ఉంటయా? రాములవ్వ బొంత తీస్కపోండ్రి" అంది.

"పాత బట్టలు గోడకు యాలాడేస్తే నవ్వరా పెద్దవ్వా?" అంది ధనలక్ష్మి.

నాకు చిర్రెత్తుకొచ్చింది. బ్లాంకెట్ అడిగిన నోరే ఇదీ, కానీ పదేళ్లు ఆ బొంత కింద వెచ్చగా పడుకున్నాను కదా. ఫోన్ తీసి చూపించాను. ఎక్కడో పెద్ద పట్నంలో, పెద్ద హాల్లో, గోడకు వేలాడదీసిన బొంత. దాని ముందు జనం చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఫోన్ పదిహేను చేతులు మారింది. అందరూ ఒకటే మాట, కుట్టు సక్కగ లేదని. మా అత్త మాత్రం ఆ బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చూస్తూ చాలాసేపు ఫోన్ ఇవ్వలేదు.

సంఘంలో పదిహేను ఇళ్ల వాళ్లం. అత్త కుడుతుంది, మిగతా పద్నాలుగు ఇళ్లూ ఒక్కో పాత చీర ఇవ్వాలని తీర్మానం. వారం తిరిగేసరికి మా ఇంట్లో చీరల మూట తయారైంది. తల్లులవి, అత్తలవి, కొన్ని తమ పెళ్లినాటివి. అన్నీ వాడి వాడి చివికిపోయినవే. గట్టిగా ఉన్న కాస్త భాగం మీదికి, మిగిలింది లోపలి పొరలకు అని అత్త లెక్క వేసుకుంది. చివరగా ధనలక్ష్మి వచ్చింది. ఆమె తెచ్చింది చీర కాదు, వాళ్ల అమ్మ లసుమవ్వ చీర కొంగు. ముదురు నీలం నూలుది. మిగిలిందల్లా అదొక్కటే.

"అక్కా, అందరియి కొయ్యి. గిది మాత్రం కొయ్యకు. గిట్లనే నడిమిట్ల వెట్టి కుట్టు" అని చేతిలో పెట్టింది.

"నువ్వు చెప్పాల్నా?" అంది మా అత్త.

కోయడానికి అత్తకొక ఆలోచన వచ్చింది. తునికాకును బీడీ కొలతకు కత్తిరించడానికి ఆమెకు చిన్న ఇనుప రేకు ఉంటుంది. ఆకు మీద రేకు పెట్టి చుట్టూ కత్తెర తిప్పితే ముక్క సరిగ్గా వస్తుంది. బట్టనూ ఆ రేకుతోనే కోస్తానంది. మన పనేదో అందులో కనపడాలట. నాకూ నచ్చింది, ఆహా అన్నాను. ఆ ఆహా అన్నందుకు తర్వాత నన్ను నేను చాలా తిట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం. వారం మొత్తం సీరియల్ ఒకేసారి మళ్లీ వేస్తున్నారు. అత్త టీవీ ముందు కూర్చుంది. ఒళ్లో చాట, చాటలో ఆకుకు బదులు గుడ్డలు. నేను పక్కన పిల్లల నోట్సులు దిద్దుతున్నాను. కత్తెర చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. టీవీలో కోడలి పాలలో విషం కలుపుతున్నారు. అత్త పళ్లు కొరుకుతోంది. ఒక్కో చీరకు అరవై ముక్కలు, దొంతి వెనక దొంతి పేరుస్తోంది. కోడలు ఆ పాలు తాగకుండా వారం ముగిసింది. అత్త ఊపిరి పీల్చుకుని, కొంగు కోసం పక్కకు చెయ్యి చాపింది.

అక్కడ లేదు. మూట దులిపింది. లేచి తన చీర కుచ్చిళ్లు కూడా దులుపుకుంది. అప్పుడు చాటలోకి చూసింది. పద్నాలుగో దొంతి నీలంగా ఉంది.

లెక్కపెట్టాను. సరిగ్గా అరవై. ఒక్క ముక్క కూడా వంకర పోలేదు. కొంగు కోయకూడదని ఆమెకు తెలుసు, ఆమె చేతులకు ఎవరూ చెప్పలేదు. అత్త కత్తెరను దూరంగా నెట్టేసి అరచేతులు తిరగేసి చూసుకుంది.

అంతటితో అయిపోలేదు. సాయంత్రం మనసు ఆగక నాలుగు ముక్కలు కలిపి కుట్టి చూసింది. ఆకును మడిచి కుట్టరు. బట్టను మడవాలి, లేకపోతే అంచు పోగులు పోగులుగా లేస్తుంది. నాలుగు పక్కలా మడిచేసరికి ముక్క మూడోవంతు పోయింది. లోపలి పొరలేమో అప్పటికే ఏడడుగుల పొడవున పరిచి పెట్టుకుంది. ముక్కలన్నీ పేర్చి చూస్తే పొడవులో మూరెడు తక్కువ, వెడల్పులో జానెడు తక్కువ. ఇంకో రవ్వంత బట్ట ఎక్కడి నుంచి తేవాలి? ఆ చీరలు కట్టిన వాళ్లే చాలామంది లేరు.

నలభై ఎనిమిదేళ్లు కొలత తప్పని మనిషి, మొట్టమొదటిసారి తనకోసం కొలిచి తప్పింది.

"నీలం బట్ట షాపులో దొరుకుతది అత్తమ్మా. రెండుసార్లు ఉతికితే పాతదాని లెక్కనే అయితది. ధనక్కకు ఏం తెలుస్తది?" అన్నాను.

అత్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది.

"అవ్వ కొంగు బిడ్డకు ఎర్కుండదా?" అంది.

మంచి సలహా ఇచ్చాననుకున్న నాకు సిగ్గేసింది. ఆమె నాలుగు రోజులు సరిగ్గా తినలేదు. ధనలక్ష్మి ఎదురొస్తే పక్క సందులోకి తప్పుకునేది. టీవీ మీద దుప్పటి కప్పేసింది. పద్నాలుగు ఇళ్ల వాళ్లు నమ్మి ఇచ్చిన గుడ్డలు, అందులో ఒకటి వద్దని చెప్పి మరీ ఇచ్చింది, చాటలో పెట్టుకుని అలా చూస్తూ ఉండేది. ధనలక్ష్మికి ఈ సంగతి ఎలా చెప్పాలన్నదే ఆమె బాధంతా. బొంత ఏమైపోతేనేం అనే స్థితికి వచ్చేసింది.

అయిదో రోజు మా స్కూలు పిల్లలను అలీసాగర్ పిక్నిక్‌కు తీసుకెళ్తున్నారు. ఇంట్లో ఒక్కదాన్నే వదలడం ఇష్టంలేక అత్తనూ బస్సెక్కించాను. పిల్లలను చూసుకోవడానికి ఒక చెయ్యి తోడవుతుందని ప్రిన్సిపాల్‌కు చెప్పాను. ఏ చెయ్యీ తోడు కాలేదు. మెట్లెక్కి గుట్ట మీదికి పోయాక అత్త పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయింది. మా క్లాసు పిల్ల సంజన ఒకటికి పోవాలని ఆమె కొంగు పట్టి గుంజుతున్నా వినిపించుకోలేదు. నేనే ఉరుక్కుంటూ వచ్చి పిల్లను తీసుకుపోయాను. తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా అక్కడే ఉంది.

కింద పొలాలు. కొన్ని మళ్లలో నీళ్లు తళతళలాడుతున్నాయి, కొన్నింట్లో అప్పుడే వేసిన నాటు, అక్కడక్కడ కొట్టేయని చెరుకు. దూరంగా ఎవరో పసుపు ఆరబోశారు. అన్నింటి మధ్యా సన్నటి కాలువ.

"స్నేహా, గా మళ్లు ఎంతెంతున్నయో సూడు" అంది.

"చిన్నగనే ఉన్నయ్."

"నేను పెండ్లికాకముందు గిసొంటి మళ్లల్ల నాటేసిన. మోకాలు దాక బురదల వంగినోళ్లకు ఒడ్డు అడ్డమనిపిస్తది. గీ ఒడ్లన్ని తీసేస్తే ఇంకింత భూమి రాదా అనుకుంటుంటి. గీడికెల్లి సూస్తే ఎర్కయితున్నది. ఒడ్డు లేకుంటే గది మడే కాదు."

నాకు అర్థమయ్యేలోపే ఆమె చెయ్యి గాలిలో కదలడం మొదలుపెట్టింది. చూపుడువేలితో ఒక్కో మడి చుట్టూ గీత గీస్తోంది. ముక్కలు తక్కువైతేనేం? ఒక్కో ఇంటి ముక్కలు ఒక్కో మడి. మళ్ల మధ్య ఒడ్లు. తగ్గిన మూరెడూ జానెడూ ఒడ్లకు పోతాయి. వేలు ఒక్కో మడి దాటుకుంటూ పోయి కాలువ దగ్గర ఆగింది. అక్కడి నుంచి కాలువ వంకరలన్నీ తిరిగింది. నాలుగు రోజులకు మొదటిసారి నా చెయ్యి పట్టుకుంది.

"కాల్వ సూడు. ఎంత సన్నగున్నది! నీలం ముక్కలు మూరెడు మూరెడు గావాల్నా ఏంది? సన్నగుంటే సాలు" అంది.

బస్సు బోధన్ చేరగానే ఇంటికి రాలేదు. నేరుగా ధనలక్ష్మి ఇంటికి నడిచింది. నేనూ వెంట పడ్డాను. ధనలక్ష్మి ఆకులు తడిపి గోనెలో చుడుతోంది. అత్త గడప దాటకుండానే చెప్పేసింది.

"ధనలక్ష్మీ, నీ అవ్వ కొంగు కోసిన. టీవీ సూస్కుంట అన్నిటితోని కలిపి కోసిన. తప్పు నాదే."

ధనలక్ష్మి చేతిలో గోనె అలాగే ఉండిపోయింది. కాసేపు నమ్మలేదు. నమ్మాక లేచి నిలబడింది.

"కొయ్యకు అన్ననా లేదా అక్కా? నీ చేతుల వెట్టి చెప్పిననా లేదా? మీ రవీందర్ పుట్టిననాడు మా అవ్వ గా కొంగులనే తుడిసి పొలగాన్ని నీ చేతుల వెట్టింది. గీ గల్లీల మంత్రసాని గామెనే. అందరి పిల్లలను తుడిసిన కొంగు అది. నాకింకేం మిగిలింది?"

మా అత్త సమర్థించుకోలేదు. నేను నోరు తెరవబోతే మోచేత్తో పొడిచింది.

"నా ముక్కలు నాకియ్యి. మీ బొంతల నాది వద్దు" అంది ధనలక్ష్మి.

"ఇస్త. మార్చి ఎనిమిది దాక నా కాడ ఉండనియ్యి. గోడకేసినంక సూడు. నీ మనసుకు ఎక్కకుంటే ఆడనే, అందరి ముంగట, కుట్లిప్పి నీ అరవై ముక్కలు నీ చేతుల వెడ్త."

అందరి ముందూ బొంత విప్పడమేమిటి? ధనలక్ష్మి మా ముఖం మీదే తలుపేసుకుంది. సంఘం పేరు మాత్రం ప్రదర్శన జాబితాలోంచి తీసేయలేదు. ఆ గుణం ఆమెలో ఉంది, కోపమొచ్చినా పని చెడగొట్టదు.

అత్త మిగతా పదమూడు ఇళ్లకూ తిరిగి కొలత తప్పిన సంగతి చెప్పింది. కొందరు మూతి ముడిచారు. భూమవ్వ మాత్రం పళ్లు లేని నోటితో పడీపడీ నవ్వి "ఆకు కోసినట్టు కోసినవా?" అంది.

ఇక ఒడ్లకు బట్ట కావాలి. మట్టి రంగుది కావాలి. అత్త ఇనుప పెట్టె తెరిచింది. అడుగున మామ ఫ్యాక్టరీ డ్రెస్సులు రెండు జతలు, ఖాకీవి. ఆయన పోయినప్పటి నుంచి వాటిని ఏడాదికోసారి ఎండలో ఆరేసి మళ్లీ మడిచి పెట్టడమే తప్ప ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రవీందర్ అప్పుడే ట్రాక్టర్ దిగి వచ్చాడు.

"అవ్వా, గవి బాపుయి కదా" అన్నాడు.

"మరి ఎవలియి? తప్పు నేను జేసిన. ఒడ్డు ఇంకొకల ఇంటికెల్లి అడుగుమంటవా?"

"గది కాదే..."

"పెట్టెల పండవెట్టి ఏం జేస్తున్నయ్ రా? మీ బాపు అన్నేండ్లు మంది పండిచ్చిన చెరుకు కాడనే బతికిండు. మళ్ల నడుమ ఉంటడు తియ్యి."

రవీందర్ బయటికి పోయాడు. వాకిట్లో రెండు చుట్లు తిరిగి వచ్చాడు. బ్లేడు తీసుకుని తల్లి పక్కన కూర్చుని చొక్కా జేబులు తనే విప్పడం మొదలుపెట్టాడు. అతని కళ్లు తడిసి ఉన్నాయి, నేను చూడనట్టు వంటింట్లోకి పోయాను.

ఈసారి అత్త రేకు ముట్టలేదు. ప్రతి ఖాకీ పట్టీనీ వేలితో కొలిచి, మడతకు వేలెడు వదిలి, చూసి చూసి కోసింది. పని చేస్తూ ఆమె చేతుల వైపు ఆమె చూడటం నేను చూసింది అదే మొదలు. పొద్దున బీడీలు, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా బొంత. నెల రోజులు. పదమూడు ఇళ్లకు పదమూడు మళ్లు. భూమవ్వ గళ్ల చీర నారుమడి పచ్చదనంలో ఉంది, దాన్ని పైన పెట్టింది. ఇంకొకరి అత్త పసుపు చీర మూలకు పెట్టింది, పసుపు ఆరబోసిన కల్లంలా. రెండు వెలిసిపోయిన తెల్లచీరలు నీళ్లు పెట్టిన మళ్లు అయ్యాయి. నేను స్కూలు నుంచి రాగానే బ్యాగు పక్కన పడేసి దారం ఎక్కించేదాన్ని. అటుగా పోయే ఆడవాళ్లు ఆగి చూసేవాళ్లు. గిది మా మడి, గిది మీ మడి అని కొట్లాడుకునేవాళ్లు. మా మడి చిన్నగా ఉందని ఒకామె అలిగింది కూడా. ధనలక్ష్మి మాత్రం మా గుమ్మం తొక్కలేదు.

కాలువను అత్త చివరికి ఉంచింది. నీలం ముక్కలను సన్నగా మడిచి, కొసకు కొస కలుపుతూ, మళ్లన్నింటి పక్క నుంచీ వంపులు తిప్పుతూ పై నుంచి కింది దాకా తీసుకొచ్చింది. అన్నింటినీ గట్టి నల్లదారంతో కుట్టిన మనిషి కాలువను ఒంటిపోగు తెల్లదారంతో పైపైన కుట్టింది.

"గిదేం కుట్టు అత్తమ్మా? లాగితే ఊడొస్తది" అన్నాను.

"ఊడి రావాలనే. ఇప్పనీకి అల్కగుండాలె గదా."

"అంటే నీకే నమ్మకం లేదా?" నాకు కోపమొచ్చింది.

"నమ్మకముంది. మాట గూడ ఇచ్చిన" అంది, తలెత్తకుండా.

మార్చి ఎనిమిదిన బొంతను మడిచి, మామ తువ్వాలలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. ధనలక్ష్మి ముందు సీట్లో కూర్చుంది. నిజామాబాద్ దాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. హాలు నిండా సంఘాలే. లోపలికి పోగానే లెక్కపెట్టాను, సకినాల స్టాళ్లు పదకొండు. ఈ సంగతి ధనలక్ష్మికి చెప్పాలని నాలుక దురద పెట్టింది గానీ ఆపుకున్నాను.

రవీందరూ ఇంకో ఇద్దరూ నిచ్చెన వేసి బొంతను గోడకు కట్టారు. తాడు వదలగానే అది కిందికి జారి పరుచుకుంది.

అత్త ఒక్కసారిగా వెనక్కి అడుగేసింది. నెల రోజులు ఒళ్లో పెట్టుకుని కుట్టింది, జానెడు జానెడుగా చూసింది. నిలబెట్టి చూడటం ఆమెకూ ఇదే మొదలు. ఏడడుగుల బొంత మీద మా నేల మొత్తం నిలబడి ఉంది. పచ్చ మళ్లు, పసుపు కల్లం, నీళ్ల తెలుపు, వాటి మధ్య ఖాకీ ఒడ్లు, పై నుంచి కింది దాకా నీలం కాలువ. నాకు ఒళ్లు పులకరించింది. బ్లాంకెట్ అడిగిన నా నోటిని నేనే కొట్టుకోవాలనిపించింది. ఊరగాయల దగ్గరి జనం ఇటు మళ్లారు. మాక్లూర్ నుంచి వచ్చిన ఒక రైతు భార్యను చెయ్యి పట్టి లాక్కొచ్చి "గీ మడి సూడు, అచ్చం మనదే" అన్నాడు. ఫోన్లు పైకి లేచాయి. ఒకమ్మాయి ముట్టుకోవచ్చా అని అడిగింది. అత్త ఏమీ వినడం లేదు. ఆమె కళ్లు జనం వెనక నిలబడ్డ ధనలక్ష్మి మీద ఉన్నాయి. అత్త కుడి చేతిలో కత్తెర పట్టుకుని ఉంది.

ధనలక్ష్మి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పైన కాలువ మొదలైన చోటికి ఆమె చెయ్యి అందలేదు. రవీందర్ స్టూలు తెచ్చి వేశాడు. ఎక్కి, నీలం మీద వేలు పెట్టింది. వేలు కిందికి కదిలింది.

"గిది భూమవ్వోళ్ల ఇల్లు" అంది. వేలు వంపు తిరిగింది. "గిది సాయమ్మ అత్త చీర." ఇంకో వంపు. "గిది రాజమల్లన్నోళ్లది." స్టూలు దిగి ఇంకా కిందికి పోయింది. ఒక్కో మడి దగ్గరా ఇంటి పేరు చెప్పింది. పదమూడు ఇళ్లూ అయ్యాయి. చివరికి నేల మీద మోకాళ్లేసుకుని కాలువ ముగిసిన చోట ఆగింది.

"నాకు మడి లేదా అక్కా?" అంది.

"లేదు. నీది కాల్వ."

ధనలక్ష్మి చాలాసేపు లేవలేదు. లేచినప్పుడు ముఖమంతా తడిసిపోయి ఉంది.

"కొయ్యకుంటే మా అవ్వ నడిమిట్ల కూసుంటుండె" అంది. "ఆమె ఎన్నడన్న ఒక్కతాన కూసున్నదా? పురుడు వోయనీకి ఇల్లిల్లు తిరిగిందాయె. ఇగో, ఇప్పుడు గూడ తిరుగుతనే ఉన్నది."

మా అత్త ముందుకొచ్చి కత్తెర చాపింది. మాట ఇచ్చింది కాబట్టి చాపింది. ధనలక్ష్మి ఆ కత్తెర లాక్కుని నా చేతిలో పెట్టింది. తర్వాత బొంత కింద అతికించిన చీటీ చూసింది. అందులో మా సంఘం పేరుంది. రిజిస్టర్ పట్టుకుని నిలబడ్డ మేడమ్ దగ్గర పెన్ను అడిగి తీసుకుని, సంఘం పేరు పైన పెద్ద అక్షరాలతో రాసింది. కుట్టింది రాములవ్వ, రాకాసిపేట, బోధన్.

నలభై ఎనిమిదేళ్లుగా ఆ చేతులు చుట్టిన బీడీలన్నింటి మీదా కంపెనీ లేబులే ఉంది. చేసిన పని పక్కన తన పేరుండటం మా అత్త ఆరోజే చూసింది. చదవడం రాదు కాబట్టి నన్ను చదవమంది. చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను, ఈసారి నా గొంతు నా మాట విని గట్టిగానే పలికింది.

ధనలక్ష్మి అప్పటికే బొంతకు ముక్కు ఆనించి కుట్లు చూస్తోంది.

"అక్కా, గిదేంది? మా అవ్వను తెల్లదారంతోని గిట్ల వట్టిగ కుట్టినవ్? అందరికి గట్టిదారం, మా అవ్వకు ఒంటిపోగా?"

"ఇప్పాలెనేమో అని..."

"ఎందుకిప్పుతవ్? దింపుండ్రి బొంతను. మల్ల కుట్టు. నల్లదారంతోని, గట్టిగ. నా ముంగటనే కుట్టు."

ప్రదర్శనకు పెట్టిన వస్తువును దింపకూడదని రిజిస్టర్ మేడమ్ చెప్పబోయింది. ధనలక్ష్మి ముఖం చూసి ఊరుకుంది. బొంత దించారు. హాలు మధ్యలో నేల మీదే పరిచారు. మా వాళ్లంతా చుట్టూ కూర్చుని అంచులు బిగించి పట్టుకున్నారు. ధనలక్ష్మి సూదిలోకి నల్లదారం ఎక్కించి ఇచ్చింది. అత్త చీర కుచ్చిళ్లు సర్దుకుని కాలువ మొదలు దగ్గర కూర్చుంది. గోడ మీద కంటే నేల మీద కుడుతున్నప్పుడే ఎక్కువ మంది చేరారు. వెనకున్నవాళ్లు కుర్చీలెక్కారు.

గంట తర్వాత స్టేజీ మీద మైకు గరగరలాడింది. మొదటి బహుమతి బోధన్ రాకాసిపేట బొంతకు, కుట్టిన రాములవ్వ గారు వేదిక మీదికి రావాలి అన్నారు. హాలంతా చప్పట్లు. మా వాళ్లు కేకలు పెట్టారు. రవీందర్ ఈల వేశాడు. నేను చంటిపిల్లలా ఎగిరి గంతేసి అత్త భుజం పట్టి ఊపాను. ఆమె సూది ఆపలేదు. కళ్లు కుట్టు మీద నుంచి తీయలేదు.

"రాములవ్వ గారూ, త్వరగా రావాలి" మైకు మళ్లీ పిలిచింది.

"ఆగుమను స్నేహా" అంది మా అత్త. "ఇంక మూడిండ్లకు పోవాలె లసుమవ్వ."

నేను వెళ్లి స్టేజీ మీది వాళ్లకు చెప్పాను. శాలువా పట్టుకున్న పెద్దసారు, పూలదండ పట్టుకున్న మేడమ్, వెనక వరసలో ఉన్నవాళ్లూ అందరూ ఆగారు.